పీల్చేదీ ఊదేదీ

బెర్నిస్ స్కోఫీల్డ్ సిగరెట్లు మానేసి సరిగ్గా నాలుగు వారాలైంది. ముప్పై నాలుగేళ్ళ అలవాటు. మానేసినవాళ్ళంతా చెప్పినట్టే తిండి రుచి తెలుస్తోంది, కోటు కంపు కొట్టడం లేదు, కొండదారి ఎక్కుతుంటే గుండె దడదడలాడడం లేదు. ఇంత మంచి జరిగాక మనిషి సంతోషంగా ఉండాలి కదా! ఆవిడ మాత్రం బ్యాండు గదిలో పాతికమంది ముందు, పాట మధ్యలో, కార్నెట్టు అనే చిన్న బాకాని ఒళ్ళో పెట్టుకుని కళ్ళమ్మట నీళ్ళు కారేలా దగ్గుతోంది.

క్లైవ్ కర్ర దించాడు. క్లఫ్ మిల్ బ్యాండుకు ఆయనే కండక్టరు. పగలంతా ఊళ్ళో పైపులు బాగుచేసుకునే మనిషి, మంగళ గురువారాలు సాయంత్రం మాత్రం చక్రవర్తి.

"మళ్ళీ అక్కడేనా, బెర్నిస్?"

"అక్కడే," అంది ఆవిడ దగ్గు మధ్యలో.

అక్కడ అంటే మిల్లు మార్చ్ అనే కవాతు పాట నడుమ డ్రమ్ములూ పెద్ద బాకాలూ గొంతు తగ్గించేసి, కార్నెట్టు ఒక్కదాన్నే ముందుకు పంపే చోటు. ఇరవై సెకన్ల పాటు ఊపిరి తెగకుండా పాడాలి. ఆ పాట కట్టింది వాళ్ళ ఊరి మిల్లులో నూలు వడికిన మనిషే. విట్ శుక్రవారం, అంటే ఏటా చుట్టుపక్కల బ్యాండ్లన్నీ ఊరూరా తిరిగి పోటీగా వాయించే పండగ నాడు, సొంత ఊళ్ళో ఆ మార్చ్ తప్ప ఇంకోటి వాయిస్తే ఊరు క్షమించదు.

"విట్ శుక్రవారానికి ఇంకా ఐదు వారాలుంది. ఆ ముందు మంగళవారం కూడా నువ్వు ఇలాగే దగ్గితే సోలో డెస్‌మండ్‌కి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకు తల్లీ," అన్నాడు క్లైవ్.

పక్క కుర్చీలో డెస్‌మండ్ వెంటనే నిటారుగా కూర్చున్నాడు. బెర్నిస్‌కి ఆ నిటారు చూసే ఒళ్ళు మండింది. ఈ కుర్చీ కోసం ఆవిడ ఇరవై రెండేళ్ళు నార్మన్ లీస్ పక్కన రెండో కార్నెట్టుగా కాచుకుని కూర్చుంది. నార్మన్ తనకు ఎనభై నిండాక, ఏప్రిల్‌లో లేచి, అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడని తన కుర్చీలో కూర్చోబెట్టి, తన కార్నెట్టుకి పెదవులానించి ఊదే మౌత్‌పీస్‌ని రుమాల్లో చుట్టి చేతిలో పెట్టాడు. ఆ బ్యాండులో కుర్చీకో మౌత్‌పీస్. మనిషి పైకి జరిగితే పాతది వెనకవాడికి ఇచ్చి, కొత్త కుర్చీది పుచ్చుకుంటాడు. అలా బెర్నిస్ పాతది ఇప్పుడు డెస్‌మండ్ నోట్లో ఉంది. తొంభై ఏళ్ళలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి ఆడమనిషి బెర్నిసే. ఎక్కిన వారమే, ఆ కుర్చీకి తగ్గ ఊపిరి కావాలని, సిగరెట్లు మానేసి ఈ-సిగరెట్టు పట్టుకుంది. అప్పటికి డాక్టరు గొట్టంలో ఊదించి, "మీకు యాభై రెండు, మీ ఊపిరితిత్తులకి డెబ్బై ఒకటి" అని చెప్పి రెండు రోజులే అయింది.

ఇప్పుడు చూస్తే సిగరెట్లతో ఊదగలిగినది సిగరెట్లు మానేశాక ఊదలేకపోతోంది. ఇంటికి నడుస్తూ ఒక పాడు ఆలోచన చేసింది. విట్ శుక్రవారం అయ్యేదాకా మళ్ళీ కాల్చేస్తే? ఐదు వారాలే కదా? ఇలా ఐదు వారాలే అనుకుని ఇదివరకు రెండుసార్లు ఏళ్ళకేళ్ళు కాల్చింది. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు కాబట్టే భయం వేసింది.

మర్నాడు బట్వాడా ముగించుకుని, పోస్టువాళ్ళ ఎర్ర చొక్కా నిక్కరుతోనే షఫ్కత్ షాపులోకి దూసుకుపోయింది. వర్షమైనా మంచైనా ఆవిడకు నిక్కరే. షఫ్కత్‌కి ముప్పై ఒకటి. చేపల వేపుళ్ళ కొట్టుకూ క్షౌరశాలకూ మధ్య ఇరుకు గదిలో వేప్ షాపు, అంటే ఈ-సిగరెట్ల కొట్టు, పెట్టి ఆరేళ్ళయింది. తన దగ్గర కొన్నవాళ్ళు ఎవరూ మళ్ళీ సిగరెట్టు ముట్టలేదని వాడికి మహా గర్వం. ఎవరైనా ముట్టినట్టు తెలిస్తే రెండు రోజులు అన్నం సయించదు.

"ఇదుగో నీ దిక్కుమాలిన గొట్టం," అని బెర్నిస్ దాన్ని కౌంటరు మీద పడేసింది. "ముప్పై నాలుగేళ్ళు కాల్చాను, ఒక్కనాడు దగ్గలేదు. దీన్ని నాలుగు వారాలు పీల్చేసరికి గొంతులో గరుకు కాయితం పెట్టి రుద్దినట్టుంది."

"ఒక్కనాడూ దగ్గలేదా ఆంటీ? మీరు మా గేటు తీయకముందే దగ్గు వినపడి మా అమ్మ టీ పడేసేది."

"ఆంటీ ఎవర్రా నీకు? ఉయ్యాల్లో ఉన్నప్పట్నించీ మీ ఇంటికి ఉత్తరాలు మోస్తున్నాను కాబట్టి ఊరుకుంటున్నా. ఇది కూడా చూడు." ఆవిడ మొహం ముందుకు పెట్టింది. పై పెదవీ కింది పెదవీ ఎర్రగా కమిలి, అంచుల్లో పొక్కులు లేచి ఉన్నాయి.

షఫ్కత్ నవ్వు ఆపేశాడు. "రెండు గొడవలున్నాయన్నమాట. ఒకదాని తర్వాత ఒకటి చూద్దాం. నా పద్ధతొకటుంది ఆంటీ. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక నాలుగు రోజులు ఆగాలి. మూడూ కలిపి మార్చేస్తే ఏది నయం చేసిందో ఏది చెడగొట్టిందో ఆ పైవాడికి కూడా తెలీదు."

"నాకు నాలుగు రోజుల ఓపిక లేదు."

"అది తెలిసే చెప్తున్నా."

ముందు గొట్టంలో పోసే పుదీనా చల్లదనం ఉన్న లిక్విడ్ తీసేసి, పుదీనా లేనిది ఇచ్చాడు. నాలుగు రోజులకు దగ్గు రవ్వంత కూడా తగ్గలేదు. అప్పుడు సీసా వెనక రాసి ఉన్నది వేలితో చూపించాడు.

"ఇందులో సగం పీజీ, సగం వీజీ. రెండూ ఆవిరయ్యే సరుకులే. పీజీ నీళ్ళలా పల్చన, రుచిని మోస్తుంది, గొంతును కాస్త పట్టుకుంటుంది. సిగరెట్టు మానినవాళ్ళకి ఆ పట్టే కావాలి, అందుకే ముందు అదిస్తా. వందలో కొంతమందికి అది బొత్తిగా పడదు. మీరు ఆ కొంతమందిలో ఉన్నారని నా అనుమానం. వీజీ చిక్కగా, తియ్యగా ఉంటుంది, గొంతు జోలికి పోదు. రేపు దాని మిషను కూడా తెప్పిస్తా, అప్పుడు మారుద్దాం."

బెర్నిస్ రేపటిదాకా ఆగితేగా! వాడు గోదాములోకి వెళ్ళి వచ్చేలోపు చిక్కటి సీసా ఒకటి కొనేసి, డబ్బు కౌంటరు మీద పెట్టి, తన సన్న గొట్టంలోనే పోసుకుని మర్నాడు బట్వాడాకి బయలుదేరింది. మూడో వీధిలో గట్టిగా ఒక దమ్ము లాగింది. దిండు తగలబడి ఆ పొగంతా గొంతులో దూరినట్టయింది. ఉత్తరాల సంచి కింద పడేసి, ఎవరి గోడో పట్టుకుని ఐదు నిమిషాలు ఉమ్ముతూ నిలబడింది.

"చెప్పానా లేదా?" అన్నాడు షఫ్కత్, గొంతులో జాలి కన్నా సంబరమే ఎక్కువ. "ఆ సన్న కాయిల్‌లో, అంటే లోపల వేడెక్కే తీగచుట్టలో, దూదికి ఈ చిక్కటిది ఎక్కదు. ఎండు దూది కాలిపోయింది. దీనికి వెడల్పాటి కాయిల్ కావాలి." సబ్బుపెట్టె అంత మిషను ఒకటి తీసి చేతిలో పెట్టాడు. "ఇంకో మాట. ఇది దమ్ముకి చాలా ఎక్కువ ఆవిరి ఇస్తుంది, కాబట్టి నికొటిన్ బాగా తగ్గించా. పాతదానిలా గబగబా లాగకండి, నెమ్మదిగా పీల్చండి. నీళ్ళు బాగా తాగండి, ఇది నోరు ఆరబెడుతుంది."

ఆవిరి అంటే మామూలు ఆవిరా! పదకొండో నంబరు ఇంటి కంచె వెనక నిలబడి బెర్నిస్ తీరుబడిగా వదిలితే, ఇంటి ముసలావిడ కిటికీలోంచి చూసి కంచె అంటుకుందనుకుంది. బక్కెట్టెడు నీళ్ళు తెచ్చి అటు నుంచి ఇటు కుమ్మరించింది. పోస్టమ్మ తడిసింది, వీధిలో ముగ్గురి ఉత్తరాలు తడిశాయి. ముసలావిడ క్షమాపణగా రెండు మాంసం పఫ్‌లు పెట్టి పంపింది. అవి తింటూ కొండ ఎక్కుతుంటే, పొద్దుట్నించీ తను ఒక్కసారి కూడా దగ్గలేదని బెర్నిస్‌కి తట్టింది.

ఆ గురువారం సోలో చివరిదాకా దగ్గకుండా వాయించింది. ఊపిరి నిలిచింది, పెదవి మాత్రం నిలవలేదు. పుండైన పెదవితో మౌత్‌పీస్‌ని గట్టిగా అదిమి పట్టడం ఎలా? ఆఖరి స్వరాలు గాలిపోయిన బుడగలా సాగిలబడ్డాయి. క్లైవ్ కాగితాలు సర్దుకున్నాడు. డెస్‌మండ్ అదే నిటారుతో కూర్చున్నాడు.

"ఇప్పుడు పెదవి సంగతి," అని షఫ్కత్ చేతులు మడిచాడు. మిషను కొసన నోట్లో పెట్టుకునే గొట్టం ఉక్కుది. అది తీసేసి పింగాణీది పెట్టాడు. నాలుగు రోజులు. తగ్గలేదు. చెక్కది పెట్టాడు. మళ్ళీ నాలుగు రోజులు. తగ్గలేదు. ఆవిడ పీలుస్తున్నది యాపిల్ కేకు రుచి అని, అందులో దాల్చినచెక్క ఉంటుందని, అది కొందరి పెదవులకు మంటని చెప్పి అసలు ఏ రుచీ లేని లిక్విడ్ ఇచ్చాడు.

"ఎలా ఉంది?"

"గోరువెచ్చటి గాలి పీల్చినట్టుంది. వాన పడుతుంటే బస్టాపులో నోరు తెరుచుకుని నిలబడినా ఇంతేగా."

"పెదవి?"

"అలాగే ఉంది."

కాయిల్‌లో తీగ కూడా మార్చాడు. బెర్నిస్ కూడా పెద్దమనిషిలా ఒకసారికి ఒక్కటే మార్చింది, నాలుగేసి రోజులు ఆగింది, వాడు అడిగినవన్నీ చేసింది. పెదవి మటుకు మొండికేసింది. విట్ శుక్రవారం ఇంకో పది రోజులుందనగా ఆవిడ షాపులోకి వచ్చి, నిక్కరు జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి కౌంటరు మీద పెట్టింది.

షఫ్కత్ దాన్ని పామును చూసినట్టు చూశాడు.

"ఇంకా విప్పలేదు," అంది బెర్నిస్. "నీ కష్టం చూసి విప్పలేదు. కానీ విప్పుతాను రా. ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను ఆ కుర్చీ పక్కన. సిగరెట్టు తాగిన రోజుల్లో నా పెదవికి ఏ రోగమూ లేదు. ఇంకేం చెయ్యమంటావు?"

"నా చేత కాలేదు ఆంటీ," అన్నాడు షఫ్కత్. ఆరేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. స్టూలు మీద కూలబడి కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత లేచాడు. "నాలుగు రోజులివ్వండి. ఆఖరి నాలుగు రోజులు. మందుల షాపులో నికొటిన్ పట్టీ దొరుకుతుంది, చేతికి అంటించుకోండి. నోటికి మాత్రం ఏదీ తగలకూడదు. అసలు రోజూ మీ పెదవికి తగిలేవేంటో చెప్పండి."

"టీ కప్పు. పళ్ళు తోముకునే బ్రష్షు. చెమ్చా. ఇంకేముంది? ముద్దులు పెట్టేవాడు పోయి తొమ్మిదేళ్ళయింది."

"అంతేనా?"

"అంతే. ఇవాళ రిహార్సలుంది, త్వరగా కానీ. పెదవికి వెన్న రాసుకుని ఊదుతున్నా, అంత ఖర్మ పట్టింది."

"ఊదడమేంటి?" అన్నాడు షఫ్కత్. "మీరు వాయించేది డ్రమ్ము కదా?"

బెర్నిస్ వాడివంక నోరు తెరుచుకుని చూసింది. "డ్రమ్మని ఎవర్రా చెప్పింది నీకు?"

"ఎవరూ చెప్పలేదు. మీ చేతులు చూసి పెద్ద డ్రమ్మే అనుకున్నా. కొండ ఎక్కుతూ డ్రమ్ము మోస్తారు కాబట్టి దగ్గు ఇబ్బందిగా ఉందనుకున్నా."

"కార్నెట్టు రా! సోలో కార్నెట్టు! నీకు నాలుగు వారాలుగా చెప్తున్నదేంటి?"

"కుర్చీ పోతుందన్నారు. డ్రమ్ము వాళ్ళకీ కుర్చీలుంటాయిగా." అంటూనే వాడు డబ్బుల సొరుగు లాగి, పది పెన్నీల నాణెం తీసి, కౌంటరు మీదుగా వంగి ఆవిడ పెదవుల ముందు పట్టుకున్నాడు. పక్కనే మిషను గొట్టం కూడా పట్టుకున్నాడు. గొట్టం పెన్సిలంత సన్నం. పెదవుల మీద ఎర్రగా కమిలిన వలయం ఆ నాణేనికి అంచుకి అంచుగా సరిపోయింది.

"ఇంత వెడల్పాటి వస్తువు నేను మీకు ఒక్కటి కూడా అమ్మలేదు ఆంటీ," అన్నాడు మెల్లగా. "మీరు ఊదేదాని మూతి ఎంతుంటుంది?"

బెర్నిస్ వేలితో తన పెదవి అంచు తడిమి చూసుకుంది. మౌత్‌పీస్‌ని ఆవిడ అసలు వస్తువుగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ బ్యాండులో ఎవరూ పెట్టరు. మొహంలో ముక్కులాగా అది కూడా మనిషిలో ఒక భాగం.

"చెవులకి గిల్టు దుద్దులు పెట్టుకుంటే పుండు పడుతుందా?" అని షఫ్కత్ లాయరులా అడగడం మొదలెట్టాడు.

"పదహారో ఏట పడింది. అప్పట్నించీ బంగారమే."

"నిక్కరు బొత్తం పొట్టకి తగిలిన చోట?"

"బొత్తం వెనక గోళ్ళరంగు పూసుకుంటా. ఎందుకు?"

"ఆ దుద్దుల్లో, బొత్తాల్లో ఉండే నికెల్ లోహం పడదు మీకు. ఆ మౌత్‌పీస్ మీద వెండి సరిగ్గా ఉందా?"

వెండి ఎక్కడిది! డెస్‌మండ్‌కి ఇచ్చిన పాతదాని మీద వెండి చెక్కుచెదరలేదు గానీ, దీనికి అంచంతా అరిగి, అడుగున లోహం బూడిదరంగులో తేలి ఉంది. మళ్ళీ పూత వేయిస్తే నాదం మారిపోతుందని తొంభై ఏళ్ళుగా ఎవరూ వేయించలేదు. ఎంత అరిగితే అంత ఘనత అనుకుంటారు వాళ్ళు. సిగరెట్లు మానేసిందీ, ఇది చేతికొచ్చిందీ ఒకే వారం. ఇన్ని వారాలూ నింద మొత్తం పాపం ఈ-సిగరెట్టు మీద పడింది.

"దాన్ని అనకు," అంది బెర్నిస్ కోపంగా. "నార్మన్ నలభై ఏళ్ళు ఊదాడు దాన్ని. ఆయనకేం కాలేదు."

"ఆయనకి నికెల్ పడుతుందేమో. మీకు పడదు. దీనికి కోపమెందుకు?" అని సిగరెట్టు పెట్టెని తీసి సొరుగులో పడేశాడు. "ఇది నా దగ్గరుంటుంది."

ఒంట్లో బాలేదని, ఆ వారమంతా రిహార్సలుకి రాలేనని క్లైవ్‌కి కబురు పంపింది. షఫ్కత్ వెతికి ప్లాస్టిక్ మౌత్‌పీస్ ఒకటి తెప్పించాడు. రెండు రోజుల్లో వచ్చేది ఒక్క రంగులోనే దొరికింది. పసుపుపచ్చ. పసుపుపచ్చంటే నిమ్మకాయ కూడా సిగ్గుపడేంత. ఐదో రోజుకి పొక్కులు ఎండాయి. వారానికి పెదవి మామూలు పెదవైంది. ఆవిడ యాపిల్ కేకు రుచికి మళ్ళీ వెళ్ళిపోయింది, ఏమీ కాలేదు.

ఆఖరి మంగళవారం రిహార్సల్లో ఆవిడ కార్నెట్టు పెట్టె తెరవగానే గది గదంతా గొల్లుమంది.

"ఏంటమ్మా అది? పిల్లల కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలో ఉచితంగా వచ్చిందా?" అన్నాడు పెద్ద బాకా వాడు.

"స్నానాల తొట్టి మూత పీక్కొచ్చిందిరా," అన్నాడు డెస్‌మండ్.

క్లైవ్ మాత్రం నవ్వలేదు. "వాయించు," అని కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ వాయించింది. ఆయన కళ్ళు తెరిచి, "సోలో బెర్నిస్‌దే," అన్నాడు. "వాయించేది ఏ బ్యాండో తెలీకూడదని జడ్జి కారవాన్ బండిలో తెరలు దించుకుని కూర్చుంటాడు. ఆయనకు చెవులే గానీ కళ్ళుండవు. నా లెక్కలో అది బంగారు మౌత్‌పీసే." డెస్‌మండ్ నిటారు మొత్తం దిగిపోయింది. ఆవిడకు లోలోపల ఎంత హాయిగా ఉండాలో అంత హాయిగానూ ఉంది, ఒక్క విషయంలో తప్ప. నార్మన్ లీస్‌కి ఎవరు చెప్తారు?

ఆవిడ చెప్పలేదు. చెప్పకపోగా, ప్లాస్టిక్‌ది వచ్చిన రోజు నుంచీ ఆయన ఇంటి ముందు అడుగుల చప్పుడు కాకుండా వచ్చి, ఉత్తరాలు తలుపు కంతలోంచి తోసేసి పరుగు లంకించుకుంటోంది. బుధవారం ఆవిడ చెయ్యి కంతలో ఉండగానే తలుపు తెరుచుకుంది.

"వారం నుంచీ దొంగలా పారిపోతున్నావేమే?" అన్నాడు నార్మన్. "ఎవరైనా చచ్చిపోయారా, లేక నా మౌత్‌పీస్ పారేశావా?"

బెర్నిస్ గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేసింది. చెప్తుంటే ఏడుపొచ్చింది. "నీ చేతుల్తో ఇచ్చావు బాబాయ్. అది నాకు పడలేదు. ప్లాస్టిక్‌ది పెట్టుకుంటున్నా. పసుపుపచ్చది."

ముసలాయన ముందుకు వంగి ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత, "ఎక్కడ కమిలింది?" అన్నాడు.

"పెదవి చుట్టూ. గుండ్రంగా."

నార్మన్ వీధి అటూ ఇటూ చూసుకుని, రెండు వేళ్ళతో తన దట్టమైన తెల్ల మీసం పైకెత్తాడు. మీసం చాటున, పై పెదవి మీద, పాతబడి పాలిపోయిన అర్ధచంద్రం మచ్చ.

"నలభై ఏళ్ళు," అన్నాడు. "పైపు వల్లే అనుకున్నాను. పైపు మానేశాను. ఎంత ఇష్టమైన పైపు, దొంగముండది! మానేసినా తగ్గలేదు. మీసం పెంచుకున్నాను."

"ఎవరితోనూ అనలేదా?"

"ఎవరితో అంటాను? నాకు ముందు ఊదినవాడు ఏమైనా అన్నాడా? బ్యాండు గది గోడ మీద సోలో కార్నెట్ల ఫోటోలున్నాయిగా, ఎప్పుడైనా సరిగ్గా చూశావా? మొదటివాడి నుంచి నా దాకా అందరికీ మీసాలే." ఆయనకు నవ్వు పొంగుకొచ్చి తలుపు పట్టుకున్నాడు. "నీకొక్కదానికే పాపం ఆ దారి లేదు!"

ఇద్దరూ గుమ్మంలో నిలబడి, పొట్టలు పట్టుకుని, ఎదురింటివాళ్ళు కిటికీలు తీసేదాకా నవ్వారు. తలుపు వేస్తూ ముసలాయన వేలెత్తాడు. "వస్తాను, వింటాను. ఆ పసుపుదాన్ని మాత్రం చచ్చినా చూడను."

శుక్రవారం ఎండ కాసింది. ఆ కొండల్లో జూన్‌లో ఎండ కాస్తే జనం దాన్ని అనుమానంగా చూస్తారు. బ్యాండ్ల బస్సులు ఊరి బయట వరస కట్టాయి. ఒక బ్యాండు వీధిలోంచి కవాతు చేసుకుంటూ దిగి, మైదానంలో వాయించి, బస్సెక్కి పక్క ఊరికి పరిగెడుతుంటే ఇంకోటి వెనకే దిగుతోంది. బీరు గ్లాసులు పట్టుకుని గోడల మీద కూర్చున్న జనం సొంత ఊరి బ్యాండు రాగానే ఈలలు వేసి గోల చేశారు.

మైదానంలో తాడు పక్కనే నార్మన్ మడతకుర్చీ వేసుకుని, మిలిటరీవాడిలా నిటారుగా, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన షఫ్కత్, షాపు కట్టేసి మరీ వచ్చి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కారవాన్ తెరల వెనక నుంచి జడ్జి ఈల మోగింది. క్లైవ్ కర్ర ఎత్తాడు.

మార్చ్ మొదలైంది. డ్రమ్ములు గొంతు తగ్గించాయి, పెద్ద బాకాలు వెనక్కి జరిగాయి, ఆవిడ ఒక్కతే మిగిలింది. ఊపిరి నిండా తీసుకుంది. అంత లోతుకి ఊపిరి దిగుతుందని ఆవిడకే తెలీదు. స్వరం మెత్తగా లేచి, ఎక్కాల్సిన చోట ఎక్కి, పది సెకన్ల దగ్గర, ఎప్పుడూ గొంతు పట్టేసే చోట, పట్టకుండా దాటింది. పదిహేను. జనంలో బీరు గ్లాసులు కదలడం ఆగిపోయింది. చివర్లో ఇంకా కాస్త మిగిలి ఉందనిపించి, ఆఖరి స్వరాన్ని రాసి ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువసేపు పట్టుకుంది. క్లైవ్ కర్ర గాల్లోనే ఆగి ఆవిడ కోసం కాచుకుంది. ఆ తర్వాత అన్నీ ఒక్కసారి విరుచుకుపడ్డాయి, మార్చ్ ముగిసింది, ఊరు కేకలు పెట్టింది. బెర్నిస్‌కి ఇంత సంతోషం జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

పక్క ఊరికి బస్సు బయలుదేరబోతోంది. అయినా ఆవిడ తాడు దగ్గరికి పరిగెత్తింది. నార్మన్ కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి. తడిసి ఉన్నాయి.

"నేనే బాబాయ్. పసుపుదాన్ని జేబులో పెట్టేశాను, కళ్ళు తెరువు."

ఆయన తెరవలేదు. "నడుమ ఊపిరి ఎక్కడ తీసుకున్నావే?" అన్నాడు.

"తీసుకోలేదు."

"నేను కాచుకుని కూర్చున్నాను. నాకు వినపడలేదు."

"తీసుకుంటేగా వినపడ్డానికి."

నార్మన్ అప్పుడు కళ్ళు తెరిచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"నేను తీసుకునేవాణ్ణి," అన్నాడు. "నలభై ఏళ్ళూ, ప్రతిసారీ. డ్రమ్ము దెబ్బ కింద దాచేసేవాణ్ణి. ఒక్క జడ్జి కూడా పట్టుకోలేదు. అది ఒక్క ఊపిరిలో ఎలా ఉంటుందో ఇవాళే విన్నాను."